జీవో రాకముందే మీ మాట చేరాలి: ప్రభుత్వ విధానాల్లో మార్పు కోరే సంఘాలకు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ళ కిందట మా వినియోగదారుల సంఘం తరఫున ఒక మంత్రిగారికి వినతిపత్రం ఇచ్చాం. ఆయన ఓపికగా విన్నారు, పక్కనున్న అధికారికి కాగితం అందించారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో కూడా వచ్చింది. నెలన్నర తర్వాత కొత్త నిబంధనలు వెలువడ్డాయి. మేం అడిగిన నాలుగింటిలో ఒక్కటీ వాటిలో లేదు. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ముసాయిదాపై అభ్యంతరాలు చెప్పుకునే గడువు మేం మంత్రిని కలవడానికి పన్నెండు రోజుల ముందే ముగిసింది. ఆ గడువులోపే ఒక వ్యాపార సంఘం ఏ వాక్యం తీసేయాలో, దాని బదులు ఏ వాక్యం పెట్టాలో రాసి ఇచ్చింది. వాళ్ళ వాక్యాలు కొన్ని నిబంధనల్లోకి ఉన్నవి ఉన్నట్టుగా వచ్చాయి.

వాళ్ళు లంచం ఇచ్చారని నేను అనడం లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ రూపంలో చెప్పాలో వాళ్ళకు తెలుసు, మాకు తెలియదు. ఈ తేడాను రైతు సంఘాలు, కాలనీ సంఘాలు, కార్మిక సంఘాలు, మహిళా బృందాలు దాటగలవు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఆ గదిలో ఇప్పటికే ఎవరున్నారో చూడండి

ఒకే అవసరమో, ఒకే నమ్మకమో ఉన్నవాళ్ళు కలిసి, తాము ఎన్నికల్లో పోటీ చేయకుండా ప్రభుత్వ నిర్ణయాన్ని తమవైపు తిప్పుకోవాలని చూస్తే దాన్ని ప్రయోజన బృందం అంటారు. ఒత్తిడి బృందం అనే మాట కూడా వాడుకలో ఉంది. వాణిజ్య, పరిశ్రమల సంఘాల సమాఖ్య ఫిక్కీ 1927లో పుట్టింది, సాఫ్ట్‌వేర్ కంపెనీల నాస్కామ్ 1988లో. కేంద్ర బడ్జెట్‌కు ముందు ఆర్థికమంత్రి ఏటా జరిపే సమావేశాలకు పరిశ్రమల ప్రతినిధులతో పాటు రైతు సంఘాలనూ కార్మిక సంఘాలనూ పిలుస్తారు. పిలుపు అందరికీ ఉన్నా, సిద్ధమై వచ్చేవాళ్ళు కొందరే. పరిశ్రమల సంఘాల్లో ఈ పని కోసమే జీతం తీసుకునే ఉద్యోగులు ఉంటారు. ఏ శాఖ వెబ్‌సైట్‌లో ఏ ముసాయిదా పెట్టారో చూడటమే వాళ్ళ రోజువారీ పని.

మీ సమస్యకు సంబంధించి ఒక కాగితం మీద మూడు వరుసలు రాసుకోండి: ఈ నిర్ణయంతో లాభపడేది ఎవరు, నష్టపోయేది ఎవరు, ఇంకా ఎటూ తేల్చుకోనివాళ్ళు ఎవరు. తర్వాత ప్రతి పేరు పక్కనా వాళ్ళు ఎవరి పేరు చెప్పుకొని మాట్లాడుతున్నారో కూడా రాయండి. ఇది చాలా ముఖ్యం, పొగాకు కథ చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

సిగరెట్ పెట్టె మీద బొమ్మ హెచ్చరిక రెండు వైపులా 85 శాతం ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. ఈలోగా లోక్‌సభకు చెందిన అధీన శాసనాల కమిటీ (చట్టాల కింద ప్రభుత్వం చేసే నిబంధనలను పరిశీలించే కమిటీ) ఆపమని సూచించింది, ఏడాది వాయిదా పడింది. బీడీ వ్యాపారం ఉన్న ఎంపీ ఒకరు అదే కమిటీలో సభ్యుడని బయటపడి పెద్ద వివాదమైంది. 2016 మార్చిలో కమిటీ 50 శాతం చాలని చెప్పింది. ఈ వాదన అంతటా వినిపించిన మాట కంపెనీల లాభం కాదు, పొగాకు రైతు, బీడీ కార్మికురాలు. ప్రకాశం, గుంటూరు ప్రాంతాల పొగాకు రైతుల కష్టం అబద్ధం కాదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది, ఆ పంటతో బతికే కుటుంబాలు ఎన్నో మనకు తెలుసు. కానీ రైతుకు ప్రత్యామ్నాయ పంట, గిట్టుబాటు ధర కావాలని అడగడం ఒకటి, పెట్టె మీద బొమ్మ చిన్నది కావాలని అడగడం ఇంకొకటి. రెండో కోరికను మొదటి బాధతో కప్పి చూపారు. ఆరోగ్య సంఘాలు, వైద్యులు, కోర్టులు గట్టిగా నిలబడటంతో 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతమే అమల్లోకి వచ్చింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనలు కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

మీ ఎదుటి పక్షం ఎవరి పేరు వాడుకుంటోందో తెలిస్తే, మీరు నేరుగా ఆ పేరున్న మనుషుల దగ్గరికి వెళ్ళి మాట్లాడగలరు. వాళ్ళ అసలు అవసరం మీ డిమాండ్‌లో చేరితే అవతలి వాదనకు బలం తగ్గుతుంది.

డిమాండ్‌ను ఒక్క వాక్యానికి కుదించండి

"మాకు న్యాయం చేయాలి" అనే కాగితం మీద ఏ అధికారీ నోట్ రాయలేడు. ఏ చట్టంలో, ఏ జీవోలో, ఏ మాట మారాలో చెప్పాలి.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మాదిగ దండోరా. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మొదలైన ఉద్యమం అది. ఎస్సీ రిజర్వేషన్ల ఫలం అందరికీ సమానంగా అందడం లేదన్న బాధను వాళ్ళు ఒకే డిమాండ్‌గా మార్చారు: 59 ఎస్సీ కులాలను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా చేసి ఒక్కో గ్రూపుకు వాటా ఇవ్వాలి. ఊళ్ళో చదువురాని అవ్వకు కూడా ఏం అడుగుతున్నారో అర్థమైంది, సచివాలయంలో అధికారికి ఏం రాయాలో తెలిసింది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ వేశారు, 2000లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. 2004 నవంబరులో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్రపతి ప్రకటించిన జాబితాను రాష్ట్రాలు విడదీయలేవన్నది కోర్టు మాట. ఉద్యమం అక్కడితో ఆగలేదు, డిమాండ్ మారలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో వర్గీకరణ చేయవచ్చని తీర్పు ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ అమలు మొదలుపెట్టింది: మూడు గ్రూపులు, 1, 9, 5 శాతం. వర్గీకరణపై మాలల వైపు నుంచి వచ్చిన అభ్యంతరాలూ ఇంతే గట్టిగా కమిషన్ల ముందు, కోర్టుల ముందు వినిపించాయి. రెండు పక్షాలూ ఏం మాట్లాడుతున్నాయో అందరికీ స్పష్టంగా తెలియడానికి కారణం ఆ ఒక్క వాక్యం.

మీ సంఘం సమావేశంలో ఒక పరీక్ష పెట్టుకోండి. పదిమందిని విడివిడిగా అడగండి, మన డిమాండ్ ఏమిటని. పది రకాల జవాబులు వస్తే ఇంకా ఎవరినీ కలవడానికి వెళ్ళకండి.

ఎవరి చేతిలో ఉంది?

మద్యం రాష్ట్ర జాబితాలో ఉంది. టెలికం కేంద్రానిది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉన్నా, కరెంటు చార్జీ నిర్ణయించేది మంత్రి కాదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. కాలనీలో చెత్త సేకరణ పురపాలక సంఘం సంగతి. చాలా సంఘాలు ఇక్కడే ఏళ్ళు పోగొట్టుకుంటాయి, కలెక్టర్ చేతిలో లేని పనికి కలెక్టరేట్ ముందు కూర్చుంటాయి.

ఒక శాఖలోపల కూడా ఫైలు నడిచే దారి తెలుసుకోవాలి. సెక్షన్‌లో నోట్ రాస్తారు, అది మెట్టు మెట్టుగా ప్రిన్సిపల్ సెక్రటరీ దాకా, అక్కణ్నుంచి మంత్రి దాకా వెళ్తుంది. డబ్బుతో ముడిపడితే ఆర్థిక శాఖ సమ్మతి కావాలి, పెద్ద విషయమైతే క్యాబినెట్ ముందుకు వెళ్తుంది. మంత్రిగారు ఒప్పుకున్నా ఆర్థిక శాఖలో ఆగిన ఫైళ్ళు లెక్కలేనన్ని. కాబట్టి ఖర్చు ఉన్న డిమాండ్ అయితే, ఆ ఖర్చు ఎంత, ఎక్కడి నుంచి వస్తుందో మీ కాగితంలోనే రాయండి. ఆర్థిక శాఖ అధికారి మొదట వెతికేది అదే.

తేదీల పట్టిక తయారు చేసుకోండి

నా దృష్టిలో మొత్తం పనిలో సగం ఇదే. ప్రతి నిర్ణయానికీ తలుపు తెరిచి ఉండే రోజులు కొన్ని ఉంటాయి, అవి దాటితే మాట్లాడటానికి రోడ్డో కోర్టో తప్ప మిగలదు.

కేంద్ర చట్టాల విషయంలో 2014లో ఒక విధానం తెచ్చారు. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని, ఎందుకు తెస్తున్నారో, ఖర్చెంతో, జనం మీద ప్రభావమేమిటో చెప్పాలని అందులో ఉంది. ఇది చట్టం కాదు, పాటించకపోతే శిక్ష లేదు, చాలా బిల్లులకు పాటించలేదు కూడా. అయినా మీ లేఖలో దాన్ని ప్రస్తావించండి. "30 రోజుల గడువు ఇవ్వలేదు" అనే వాక్యం రేపు కోర్టులోనూ పార్లమెంటరీ కమిటీలోనూ పనికొస్తుంది.

కరెంటు చార్జీల క్యాలెండర్ ఇంకా కచ్చితంగా ఉంటుంది. వచ్చే ఆర్థిక సంవత్సరానికి తమ ఆదాయ అవసరాల లెక్కను డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) మామూలుగా నవంబరు 30లోగా నియంత్రణ మండలికి ఇవ్వాలి. ఆ ప్రతిపాదనను పత్రికల్లో ప్రకటించాలి, ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ఇది. దరఖాస్తు అందిన 120 రోజుల్లో మండలి ఉత్తర్వు ఇవ్వాలి. డిస్కంలు గడువు పొడిగింపు అడగడం కూడా మామూలే, కాబట్టి డిసెంబరు నుంచి మండలి వెబ్‌సైట్‌ను వారానికోసారి చూడండి. ఏప్రిల్‌లో బిల్లు చూసి మండిపడే మనం, అంతకుముందు చలికాలంలో ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పవచ్చన్న సంగతి పట్టించుకోం.

ఫ్యాక్టరీ, గని, విద్యుత్ కేంద్రం లాంటివి వస్తుంటే 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ చదవండి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. పర్యావరణ అనుమతి ఇచ్చాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజులు ఉంటుంది, సరైన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఇవ్వవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ బెంచ్ చెన్నైలో ఉంది.

ఈ తేదీలన్నీ ఒకే పెద్ద కాగితం మీద రాసి సంఘం ఆఫీసు గోడకు అంటించండి. ఒకరికి ఆ కాగితం బాధ్యత అప్పగించండి, పేరు పెట్టి.

ఆధారాలు

సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ గురించి తక్కువమందికి తెలుసు. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానం రూపొందిస్తున్నప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ అధికారులు తమంతట తామే ప్రచురించాలని అందులో ఉంది. ప్రచురించకపోతే దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబు రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు.

అడిగే ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "ఈ పథకం గురించి పూర్తి సమాచారం ఇవ్వగలరు" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా ఫైలు నంబరులోని నోట్ పేజీల నకలు", "ఫలానా ముసాయిదాపై అందిన అభ్యంతరాల జాబితా, వాటి నకళ్ళు" అని రాయండి. రెండో ప్రశ్న బంగారం లాంటిది. ఎవరెవరు ఏమేం అడిగారో, వాటిలో ఏవి ఒప్పుకున్నారో కళ్ళముందు కనిపిస్తుంది.

సమాచార హక్కు చట్టమే ఇలాంటి పనిలోంచి పుట్టింది. 1990లో రాజస్థాన్‌లోని దేవ్‌డూంగ్రీ అనే ఊరి నుంచి మొదలైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కరువు పనుల కూలీ లెక్కలు అడిగింది. మస్టర్ రోళ్ళలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, ఉన్న పేర్లను ఊరి మధ్యలో గట్టిగా చదివి వినిపించేవాళ్ళు. పనికి రాని మనిషి పేరు, కట్టని గోడ ఖర్చు అక్కడికక్కడే జనం ముందు తేలిపోయేవి. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజుల ధర్నా చేశారు. ఊరి కూలి లెక్కతో మొదలై జాతీయ చట్టం దాకా చేరింది.

సొంత లెక్క కూడా కట్టండి. ఒక మండలంలో వంద ఇళ్ళ కరెంటు బిల్లులు, మూడు నెలలవి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. ఎన్ని ఇళ్ళు, ఏ ఊళ్ళు, ఏ నెలలు అనేది దాచకుండా రాయండి. చిన్న లెక్కను చిన్నదిగానే చెప్పాలి. పెంచి చెబితే ఒక్కసారి పట్టుబడినా తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు.

మెమొరాండం రాయడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను చూసిన మెమొరాండాల్లో ఎక్కువభాగం మొదటి పేజీ అంతా సంబోధనలు, పొగడ్తలతో నిండి, అసలు సంగతి మూడో పేజీలో మొదలవుతుంది. అధికారికి అంత సమయం ఉండదు.

మొదటి పేరాలో మూడు విషయాలు చెప్పండి: మీరెవరు, ఎంతమంది తరఫున, ఏ నిబంధనలో ఏ మార్పు కోరుతున్నారు. రెండో భాగంలో పట్టిక గీయండి. ఒక గడిలో ముసాయిదాలోని వాక్యం ఉన్నది ఉన్నట్టు, పక్క గడిలో మీరు కోరే వాక్యం, మూడో గడిలో రెండు మూడు వాక్యాల్లో కారణం. మూడో భాగంలో మీ ఆధారాలు. చివర ఒక పేజీలో ఖర్చు, ఇతర రాష్ట్రాల అనుభవం, మీకు తెలిసిన అభ్యంతరాలకు జవాబు. మొత్తం ఆరేడు పేజీలు దాటనివ్వకండి, మిగతాది అనుబంధంగా పెట్టండి. తెలుగులో రాయండి. కేంద్రానికో, నియంత్రణ సంస్థకో అయితే ఇంగ్లీషు ప్రతి కూడా జతచేయండి.

సంప్రదింపుల పత్రంలో ప్రశ్నలు ఇస్తే వాటికే జవాబులు రాయాలి. ఇంటర్నెట్ సమానత్వం (అన్ని వెబ్‌సైట్లనూ, యాప్‌లనూ ఒకేలా చూడాలన్న సూత్రం) మీద జరిగిన పోరు దీనికి మంచి పాఠం. 2015 మార్చి 27న టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది: 118 పేజీలు, 20 ప్రశ్నలు, మామూలు మనిషి చదవలేని భాష. కొందరు వాలంటీర్లు కలిసి ఆ ఇరవై ప్రశ్నలకూ జవాబులు తయారుచేసి, ఎవరైనా మార్చుకొని పంపేలా జనానికి అందించారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు ట్రాయ్‌కి చేరాయి. అదే ఏడాది డిసెంబరులో డేటా ధరల్లో తేడాలపై ట్రాయ్ మరో పత్రం తెచ్చినప్పుడు ఫేస్‌బుక్, కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపే తన ఫ్రీ బేసిక్స్ సేవకు మద్దతుగా వినియోగదారులతో పెద్ద ఎత్తున సందేశాలు పంపించింది. ఆ సందేశాలు పత్రంలోని ప్రశ్నలకు జవాబు చెప్పలేదు, ప్రశ్నలకు జవాబు ఇప్పించమని ట్రాయ్ ఫేస్‌బుక్‌నే అడగాల్సి వచ్చింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేడా ధరలను నిషేధించింది. ఎంత డబ్బున్న కంపెనీ అయినా అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే నియంత్రణ సంస్థ దగ్గర నిలవదని ఆ రోజు తేలింది.

ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా సరే, స్పీడ్ పోస్టులో పంపినా సరే, రసీదు లేకపోతే మీరు ఇవ్వనట్టే లెక్క.

విచారణలో మాట్లాడటం

విద్యుత్ మండలికి అభ్యంతరం రాసేటప్పుడు, స్వయంగా మాట్లాడాలనుకుంటున్నామని అందులోనే రాయాలి. ఒక ప్రతి డిస్కంకు కూడా పంపి, పంపినట్టు రుజువు జతచేయాలి. డిస్కం లిఖితపూర్వకంగా జవాబు ఇస్తుంది. ఆ జవాబును విచారణ ముందు రోజు కూర్చొని చదవండి, ఏ ప్రశ్నను దాటవేశారో అక్కడ గీత గీయండి. మీకు దొరికే కొద్ది నిమిషాల్లో ఆ దాటవేసిన ప్రశ్న ఒక్కటే అడగండి. పది విషయాలు చెప్పబోతే పదీ కొట్టుకుపోతాయి.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ తీరు వేరు. జిల్లా కలెక్టరో, ఆయన తరఫున అదనపు కలెక్టర్ హోదాకు తగ్గని అధికారో అధ్యక్షత వహిస్తారు. మొత్తం వీడియో తీయాలి. ఇంతమంది ఉంటేనే జరగాలన్న కోరం లేదు. అంటే "మేం బహిష్కరిస్తున్నాం" అని వెళ్ళిపోతే సభ ఆగదు, మీ మాట మాత్రం రికార్డులో లేకుండా పోతుంది. చివర్లో కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అప్పటిదాకా ఎవరూ కదలకండి. మీ అభ్యంతరం చదవకపోతే అక్కడే లేచి అడగండి. దూరంగా ఉండి రాలేనివాళ్ళు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపవచ్చు.

ఆడవాళ్ళను, రైతు కూలీలను ముందు మాట్లాడనివ్వండి. "మా బావి నీళ్ళు ఇంత లోతుకు పోయాయి, మా పాప నడిచే దారి ఇది" అని చెప్పిన మనిషి మాటను అధికారి మరిచిపోడు. సంఘం నాయకుల ఉపన్యాసాలు ఆ సమయాన్ని మింగేయకూడదు.

చట్టసభ దారి

మీ ఎమ్మెల్యే లేదా ఎంపీ పాలకపక్షమా ప్రతిపక్షమా అని ఆలోచించకండి, ప్రశ్న తయారుచేసి ఇవ్వండి. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, నక్షత్రం లేనిదానికి రాతలో వస్తుంది. లోక్‌సభ ప్రశ్నకు పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు కావాలి. రాతలో వచ్చిన జవాబు ప్రభుత్వం ఒప్పుకున్న అంకె, దాన్ని మీ మెమొరాండంలో వాడుకోవచ్చు.

పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి పనిచేస్తున్నాయి. బిల్లు వాటి ముందుకు వెళ్తే పత్రికల్లో ప్రకటన ఇచ్చి సూచనలు కోరుతాయి. అక్కడ పార్టీ గొడవ సభలో కంటే తక్కువ, చదివే ఓపిక ఎక్కువ. బిల్లు సంఘానికి వెళ్ళాలని అడగడం కూడా ఒక డిమాండే.

రోడ్డెక్కాల్సి వస్తే

కాగితంతో అన్నీ అవుతాయని నేను అనను. కొన్నిసార్లు జనం కనబడాలి. ఎక్కడ కనబడాలి అన్నదే ప్రశ్న.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల మొదట్లో చేసింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు చదువుతో పాటు తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. రోజు కూలీ అంతా సారాకు పోతోంది. రోసమ్మ, ఆమెతో నిలబడిన ఆడవాళ్ళు మొదట ఊళ్ళో సారా అంగడి మూయించారు. అది జిల్లా అంతా పాకింది. తర్వాత వాళ్ళు పట్టుకున్న చోటు సారా వేలంపాట. ప్రభుత్వానికి ఆదాయం పుట్టేది ఆ వేలంలోనే. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడేసరికి, అప్పటిదాకా ఆడవాళ్ళ గోలగా చూసిన విషయం ఖజానా సమస్యగా మారింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద హామీ అయింది, ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే దాని మీద సంతకం చేశారు, 1995 జనవరి నుంచి అమలైంది.

కాబట్టి ధర్నా పెట్టేముందు ఆలోచించాల్సింది, ఆ నిర్ణయం ఏ చోట, ఏ రోజున నిజంగా జరుగుతుందని. వేలం రోజు, టెండరు తెరిచే రోజు, పాలకమండలి సమావేశం రోజు. శాంతిగా, అనుమతితో, పిల్లాపాపలతో. రాయి పడిన క్షణం నుంచి వార్త మీ డిమాండ్ గురించి కాక రాయి గురించి అవుతుంది.

కోర్టు

కోర్టును చివరి మెట్టుగానే చూడండి. కానీ మొదటి రోజు నుంచే దానికోసం కాగితాలు పోగుచేయాలి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదించారు. ఊరివాళ్ళకు అది నీళ్ళు నిలిచే తడినేల, చేపలు, పచ్చిక, పంట. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. అప్పీలు అంతకుముందే వేసి ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఆ తీర్పు కొన్ని రోజుల ముందు వచ్చి ఉంటే ఆ మనుషులు బతికేవాళ్ళు కదా అన్న బాధ నన్ను వదలదు.

మన్యంలో మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జూలైలో తీర్పు వచ్చింది. గిరిజన హక్కుల చర్చల్లో దేశమంతా ఇప్పటికీ సమత తీర్పు అనే అంటారు.

డబ్బు విషయంలో గీత

ఫైలు కదలాలంటే ఎంతో కొంత ఇవ్వాలని ఎవరో ఒకరు చెబుతారు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ళ దాకా జైలు ఉంది. చట్టం సంగతి అటుంచితే, లంచంతో వచ్చిన జీవోను అంతకంటే ఎక్కువ ఇచ్చినవాడు రద్దు చేయించగలడు.

లాబీయింగ్, అంటే నిర్ణయం తీసుకునేవాళ్ళను కలిసి తమవైపు ఒప్పించే ప్రయత్నం, తప్పు కాదు, దాచి చేయడం తప్పు. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం లాబీయిస్టులు నమోదు చేసుకొని, ఎంత ఖర్చయిందో చెప్పాలి. మనకు అలాంటి చట్టం లేదు. 2012లో వాల్‌మార్ట్ భారత మార్కెట్ విషయంలో చేసిన లాబీయింగ్ ఖర్చు మనకు తెలిసింది కూడా అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికల ద్వారానే. 2018లో మొదలైన ఎలక్టోరల్ బాండ్ల పథకంలో పార్టీకి ఎవరిచ్చారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసి, వివరాలు బయటపెట్టించింది. అత్యధికంగా కొన్న కంపెనీల్లో రెండోది హైదరాబాద్ కంపెనీయే, 966 కోట్ల రూపాయలు. మీరు పోరాడే విషయంలో ఆసక్తి ఉన్న కంపెనీల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయేమో చూడండి. పేరు ఉన్నంత మాత్రాన నేరం జరిగిందని అనకండి, ఉన్న అంకె ఉన్నట్టు చెప్పండి.

మీ సంఘం లెక్కలు కూడా అలాగే తెరిచి ఉంచాలి. సొసైటీగా నమోదుకు ఏడుగురు సభ్యులు చాలు, 2001 చట్టం కింద. బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్, చందాల జాబితా. మీ వెనక ఎవరున్నారని ఎవరైనా అడిగితే ఆ కాగితం చేతికివ్వండి.

ఉత్తర్వు వచ్చాక

జీవో వచ్చిన రోజు స్వీట్లు పంచండి, అందులో తప్పేం లేదు. మర్నాడు ఆ జీవోను ముసాయిదాతో, మీ మెమొరాండంతో వాక్యం వాక్యం పక్కపక్కన పెట్టి చదవండి. "అవసరమైతే", "వీలైనంతవరకు" లాంటి మాటలు ఎక్కడ చేరాయో గుర్తించండి, అమలు అక్కడే ఆగుతుంది. చట్టమైతే నిబంధనలు ఇంకా రావాలి. వాటికి మళ్ళీ ముసాయిదా, మళ్ళీ గడువు. మీ గోడమీది కాగితంలో కొత్త తేదీలు రాయాలి.

దూబగుంట ఆడవాళ్ళు సాధించిన మద్యనిషేధాన్ని 1997లో ప్రభుత్వం సడలించింది. ఖజానాకు డబ్బు కావాలన్న వాదన ఎప్పుడూ అక్కడే ఉంది, మద్యం వ్యాపారుల సంఘాలూ అక్కడే ఉన్నాయి. ఉద్యమంలో నడిచిన మహిళలు అప్పటికి పొలం పనుల్లోకి, ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. అందుకే గెలిచిన తర్వాత కూడా నెలకోసారి కూర్చునే ఐదుగురు కావాలి: ఒకరు వెబ్‌సైట్ చూడటానికి, ఒకరు సమాచార హక్కు దరఖాస్తులకు, ఒకరు లెక్కలకు, ఒకరు ఊళ్ళలో అమలు ఎలా ఉందో తిరిగి రావడానికి, ఒకరు మినిట్స్ రాయడానికి. మొదటి సమావేశం తేదీని జీవో వచ్చిన వారంలోనే పెట్టుకోండి.